చర్మ కణం ఎప్పుడు ఎదగాలో ప్రొటీన్ కైనేజ్‌లు ఎలా నిర్ణయిస్తాయి?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. కైనేజ్ చేసేదల్లా ఒక ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించడమే కదా, అంత చిన్న పనితో చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చేసరికి పూర్తిగా వేరే కణంగా ఎలా మారిపోతుంది అన్నది మొదటిది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి జెఫిటినిబ్ మొదలుపెట్టిన పది రోజులకే మీ నాన్నగారికి ముఖం మీదా ఛాతీ మీదా మొటిమల్లాంటి పొక్కులు లేచాయి, దీనికీ మీరు ఎమ్మెస్సీలో చదువుతున్న కైనేజ్‌లకీ సంబంధం ఉందా అన్నది రెండోది. ఉంది. మొదటి ప్రశ్నకి నాకు తెలిసిన అన్నిటికన్నా తేటైన జవాబు ఆ పొక్కుల్లోనే ఉంది. అందుకే రెండో ప్రశ్నతో మొదలుపెడతాను.

నేను డాక్టర్ని కాను. కెరటినోసైట్లు అనే చర్మ కణాలు పెంచి, వాటిలో సంకేతాలు ఎలా నడుస్తాయో (సిగ్నలింగ్) చూసే ల్యాబ్ మనిషిని. వైద్యం గురించి ఇక్కడ రాసేది ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) విభాగాల్లో మామూలుగా పాటించే పద్ధతి, అంతకుమించి కాదు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి మందులు వాడేవాళ్లలో చాలామందికి మొదటి ఒకటి రెండు వారాల్లో ఇలాంటి పొక్కులు వస్తాయి. ఇవి మొటిమలు కావు, ఒంట్లో వేడి చేసి వచ్చినవీ కావు. మందు మీ అంతట మీరు ఆపేయకండి. ఆంకాలజిస్టుకు వెంటనే చెప్పండి, వీలైతే ఫోటోలు పంపండి. సాధారణంగా మాయిశ్చరైజర్ రాయమంటారు, ఎండకు వెళ్లొద్దంటారు, అవసరాన్ని బట్టి పైపూత స్టెరాయిడ్, డాక్సీసైక్లిన్ రకం మాత్రలు రాస్తారు. మెడికల్ షాపులో దొరికే మొటిమల క్రీములు పూయకండి, అవి చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి. ఇంట్లో పెద్దవాళ్లు సున్నిపిండితో నలుగు పెడతామన్నా ఇప్పుడు వద్దని చెప్పండి, ఆ చర్మం రాపిడికి ఓర్చుకోలేదు. జ్వరం, చీము, చర్మం బొబ్బలెక్కి ఊడటం, నోట్లోనో కళ్లలోనో పుండ్లు, వీటిలో ఏది కనిపించినా ఫోన్‌తో సరిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక అసలు విషయం. మన చర్మం పైభాగమైన ఎపిడెర్మిస్‌లో ఎక్కువ భాగం కెరటినోసైట్లే. అడుగున బేసల్ పొర, దాని మీద స్పైనస్ పొర, ఆ పైన గ్రాన్యులర్ పొర, అన్నిటికీ పైన చచ్చిన కణాలతో గట్టిపడిన కార్నియం పొర. బేసల్ కణం విభజన చెందుతుంది, కెరటిన్ 5, కెరటిన్ 14 తయారు చేస్తుంది. పొర వదిలి పైకి కదలగానే విభజన ఆగుతుంది, కెరటిన్ 1, కెరటిన్ 10 మొదలవుతాయి. గ్రాన్యులర్ పొరకి చేరేసరికి లోరిక్రిన్, ఫిలాగ్రిన్ లాంటి కవచపు ప్రొటీన్లు పోగుపడతాయి. ట్రాన్స్‌గ్లూటమినేజ్ 1 అనే ఎంజైమ్ వాటిని ఒకదానికొకటి కుట్టేస్తుంది. ఆపైన కణం తన న్యూక్లియస్‌నే వదులుకుని పొలుసుగా రాలిపోతుంది. ఈ ప్రయాణమంతా సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు. ఎదగడం అని నేను అంటున్నది ఈ మార్పునే (డిఫరెన్షియేషన్), సంఖ్యలో పెరగడాన్ని కాదు.

పాఠ్యపుస్తకాలు దీన్ని చెప్పే పద్ధతి వల్ల మనకో అభిప్రాయం ఏర్పడుతుంది: బేసల్ కణం ఊరికే కూర్చుని ఉంటుంది, ఎక్కణ్ణుంచో ఆజ్ఞ వస్తే ఎదగడం మొదలుపెడుతుంది అని. జరిగేది దాదాపు దీనికి తలకిందులు. బేసల్ కణం ఎదగడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని ఎదగనివ్వకుండా, విభజన స్థితిలోనే పట్టి ఉంచడానికి కొన్ని కైనేజ్‌లు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. వాటిలో మొదటిది ఈజీఎఫ్ఆర్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్). మీ నాన్నగారి మందు ఆపేది సరిగ్గా దాన్నే.

ఈజీఎఫ్ఆర్ కథ చర్మంతోనే మొదలైంది, క్యాన్సర్‌తో కాదు. స్టాన్లీ కోహెన్ అనే బయోకెమిస్ట్ మగ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, వాటి కనురెప్పలు మామూలు కన్నా ముందే విడిపోయాయి, పళ్లు ముందే వచ్చాయి. 1962లో ఆ ప్రొటీన్‌ని శుద్ధి చేసి ప్రచురించాడు. కనురెప్పల చర్మం త్వరగా పెరిగి, త్వరగా కెరటిన్ పట్టడమే దీనికి కారణమని తేలింది. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ (ఈజీఎఫ్) అన్న పేరు అలా వచ్చింది. 1986లో రీటా లెవి-మోంటల్చీనితో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఈ ప్రొటీన్‌ని పట్టుకునే రిసెప్టరే టైరోసిన్ కైనేజ్ అని, అంటే ప్రొటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ పెట్టే కైనేజ్ అని తర్వాత తెలిసింది.

కణం బయట ఈజీఎఫ్ అంటుకోగానే రెండు రిసెప్టర్లు జతపడతాయి, ఒకదాని తోక మీద మరొకటి ఫాస్ఫేట్ పెడుతుంది. ఆ ఫాస్ఫేట్ పడిన టైరోసిన్ల మీదకు సంకేతాన్ని అందించే అడాప్టర్ ప్రొటీన్లు వచ్చి వాలతాయి. రాస్ అనే ప్రొటీన్ మేల్కొంటుంది, అది రాఫ్ అనే కైనేజ్‌ని, రాఫ్ మెక్ అనే కైనేజ్‌ని, మెక్ ఎర్క్ అనే కైనేజ్‌ని లేపుతాయి. చివర్లో ఎర్క్ న్యూక్లియస్‌లోకి వెళ్లి విభజనకు కావలసిన జీన్లను నడిపే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. పక్కనే పీఐ3-కైనేజ్ నుంచి ఏకేటీ అనే మరో కైనేజ్‌కి వెళ్లే ఇంకో దారి కణాన్ని బతికించి ఉంచుతుంది.

జెఫిటినిబ్ ఈ గొలుసును మొదట్లోనే కోసేస్తుంది. గడ్డలో ఉన్న మార్పు చెందిన ఈజీఎఫ్ఆర్‌నే కాదు, మామూలు చర్మంలోని ఈజీఎఫ్ఆర్‌ని కూడా. అప్పుడు చర్మంలో ఏం జరుగుతుందో రోగుల బయాప్సీల్లో చూశారు. బేసల్ పొరలో విభజన తగ్గింది. విభజనను ఆపే పీ27 ప్రొటీన్ పెరిగింది. పై పొరల్లో మాత్రమే ఉండాల్సిన కెరటిన్ 1 తొందరపడి ముందే కనిపించింది. పైనున్న కార్నియం పొర పలచబడింది. కణాలకు ఎదగమని ఎవరూ చెప్పలేదు. పట్టి ఉంచే చెయ్యి తీసేశారు, అంతే, అవి ఎదిగిపోయాయి. దానికితోడు ఈజీఎఫ్ఆర్ ఆగిన కెరటినోసైట్లు తెల్ల రక్తకణాలను పిలిచే కీమోకైన్లు విడుదల చేస్తాయి. పలచబడిన కవచం, దాని కింద వాపు, ఈ రెండూ కలిస్తే పొక్కు. నూనె గ్రంథులతో కూడిన రోమకూపాలు ఎక్కువగా ఉండే ముఖం, ఛాతీ, వీపు పైభాగంలోనే ఇవి ఎక్కువ రావడానికి కారణం ఆ కూపాల్లోని కణాలు ఈజీఎఫ్ఆర్ మీద బాగా ఆధారపడటమే.

ఇక్కడ ఒక మంచి సాక్ష్యం ఉంది. తర్వాతి తరం మందు ఓసిమెర్టినిబ్ ఎక్కువగా మార్పు చెందిన ఈజీఎఫ్ఆర్‌నే పట్టుకుంటుంది, మామూలు దాన్ని చాలావరకు వదిలేస్తుంది. దానితో ఈ పొక్కుల బాధ తక్కువ. అంటే తప్పు మందులోని ఏదో మలినానిది కాదు, చర్మంలో ఆ కైనేజ్ ఆగడమే కారణం. పొక్కులు వచ్చినవాళ్లలో మందు బాగా పనిచేస్తుందని కొన్ని పరిశీలనల్లో కనిపించిన మాట నిజమే, కానీ పొక్కులు రాకపోతే మందు పనిచేయట్లేదని మాత్రం ఎవరూ బెంగ పెట్టుకోవద్దు.

పట్టి ఉంచే రెండో చెయ్యి కింద నేల. బేసల్ కణం తన కిందున్న పొరను ఇంటెగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లతో పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు నుంచి కూడా ఫోకల్ అడెషన్ కైనేజ్ ద్వారా ఎర్క్‌కి సంకేతాలు వెళ్తుంటాయి. కెరటినోసైట్లను మిథైల్‌సెల్యులోజ్ అనే చిక్కటి ద్రవంలో తేలేలా ఉంచితే, పట్టుకోవడానికి ఏమీ దొరక్క కొద్ది గంటల్లోనే విభజన ఆపి ఎదగడం మొదలుపెడతాయి. అదే ద్రవంలో ఇంటెగ్రిన్లు పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ కలిపితే ఆ ఎదుగుదల ఆగుతుందని 1989లో ఫియోనా వాట్ బృందం చూపించింది. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. ఖరీదైన పరికరాలేవీ లేకుండా, కణం దేని మీద నిలబడిందో అదే దాని భవిష్యత్తును నిర్ణయిస్తుందని తేల్చేసింది.

మరి పట్టు వదిలాక? అప్పుడు ముందుకు నడిపించే కైనేజ్‌లు రంగంలోకి దిగుతాయి. వీటికి మూల సంకేతం కాల్షియం. ఎపిడెర్మిస్‌లో కాల్షియం అడుగున తక్కువ, గ్రాన్యులర్ పొరలో అన్నిటికన్నా ఎక్కువ. 1980లో హెన్నింగ్స్, యుస్పా బృందం ఎలుక కెరటినోసైట్లను 0.1 మిల్లీమోలార్ కన్నా తక్కువ కాల్షియంలో పెంచితే బేసల్ కణాల్లాగే విభజన చెందుతూ ఉన్నాయి. కాల్షియం పెంచగానే ఒకదాన్నొకటి పట్టుకుని, పొరలు కట్టి, ఎదగడం మొదలుపెట్టాయి. ఇవాళ్టికీ ప్రతి చర్మ ల్యాబ్‌లో వాడే పద్ధతి ఇదే.

కాల్షియం పెరగ్గానే పక్కపక్క కణాల మధ్య కాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ల కట్లు బిగుస్తాయి. ఆ కట్ల దగ్గర ఫిన్ అనే టైరోసిన్ కైనేజ్ చురుకవుతుంది. దాని వెనక ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమ్ పనిచేసి డైఎసిల్‌గ్లిజరాల్ అనే కొవ్వు సంకేతాన్ని పుట్టిస్తుంది. అది ప్రొటీన్ కైనేజ్ సిని, అంటే పీకేసీని లేపుతుంది. స్పైనస్ పొర నుంచి గ్రాన్యులర్ పొరకి దాటే గడపలో నిలబడేది పీకేసీయే. 1993లో డ్లుగోష్, యుస్పా చూపించిన విషయం ఇది: పీకేసీని లేపితే కెరటిన్ 1, 10 తగ్గిపోయి, వాటి స్థానంలో లోరిక్రిన్, ఫిలాగ్రిన్ వస్తాయి. పీకేసీని ఆపితే ఈ మార్పు ఆగుతుంది. అంటే అది గడిచిన దశ జీన్లను ఆపి రాబోయే దశ జీన్లను తెరుస్తోంది. ఈ పని ఏపీ-1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల కుటుంబం ద్వారా జరుగుతుంది.

మీ మొదటి ప్రశ్నలోని సందేహానికి ఇక్కడే జవాబు దొరుకుతుంది. ఫాస్ఫేట్ చిన్నదే, కానీ దానికి రుణావేశం ఉంది. ఒక ప్రొటీన్ మీద సరైన చోట పడితే దాని మడత మారుతుంది, లేదా అంతకుముందు అంటుకోని ఇంకో ప్రొటీన్ వచ్చి అంటుకుంటుంది. అలా మారిన ప్రొటీన్ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అయితే, దాని వెనక వందల జీన్లు కదులుతాయి. మనిషి జీనోమ్‌లో 518 కైనేజ్‌లున్నాయని 2002లో లెక్క తేల్చారు. ఒక్కో కైనేజ్‌కి ఎన్నో లక్ష్యాలు. పెట్టిన ఫాస్ఫేట్‌ని తీసేసే ఫాస్ఫటేజ్‌లు ఎప్పుడూ పక్కనే ఉంటాయి. ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది ఈ పెట్టడం, తీయడం రెండూ కలిసిన నియంత్రణను కనిపెట్టినందుకే.

తీయడం ఎంత ముఖ్యమో చెప్పడానికి చర్మంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. ఫిలాగ్రిన్ ముందు ప్రోఫిలాగ్రిన్ అనే పొడవాటి గొలుసుగా తయారవుతుంది. దాని నిండా ఫాస్ఫేట్లే. అవి ఉన్నంతసేపు అది గ్రాన్యులర్ పొరలోని రేణువుల్లో మూటగట్టినట్టు ఉండిపోతుంది. కణం కార్నియం పొరకి దాటే సమయంలో ఫాస్ఫటేజ్‌లు ఆ ఫాస్ఫేట్లను తీసేస్తాయి, ప్రొటీజ్‌లు ముక్కలు చేస్తాయి, అప్పుడే ఫిలాగ్రిన్ కెరటిన్ పోగులను దగ్గరకు లాగి కట్టగలదు. ఆ తర్వాత అదే విరిగి చర్మంలో తేమను నిలిపే పదార్థాలుగా మారుతుంది. ఫిలాగ్రిన్ జీన్‌లో లోపం ఉన్నవాళ్లకు పొలుసుల చర్మం, అటోపిక్ ఎగ్జిమా ఎందుకు వస్తాయో 2006లో తెలిసింది. ఎగ్జిమాలో ఇంకో కైనేజ్ కూడా తోడవుతుంది. వాపు సంకేతాలైన ఐఎల్-4, ఐఎల్-13లు జాక్1 కైనేజ్ ద్వారా ఫిలాగ్రిన్, లోరిక్రిన్ తయారీనే తగ్గించేస్తాయి. జాక్1ని ఆపే ఉపాడసిటినిబ్‌ని 2022లో అమెరికాలో ఎగ్జిమాకి అనుమతించింది ఈ లెక్క మీదే.

పీకేసీ అనగానే ఒకే ఎంజైమ్ అనుకోకండి. చర్మంలో ఆల్ఫా, డెల్టా, ఎప్సిలాన్, ఈటా, జీటా అని కనీసం ఐదు రకాలున్నాయి. వీటిలో ఆల్ఫాకి కాల్షియం కావాలి. డెల్టా, ఎప్సిలాన్, ఈటాలకు అక్కర్లేదు, డైఎసిల్‌గ్లిజరాల్ చాలు. జీటాకి రెండూ అక్కర్లేదు. స్వభావాలూ వేరు. ఎలుకల చర్మంలో పీకేసీ-డెల్టాని ఎక్కువ చేస్తే రసాయనాలతో వచ్చే కణుతుల నుంచి రక్షణ దొరికింది. పీకేసీ-ఎప్సిలాన్‌ని ఎక్కువ చేస్తే మాత్రం స్క్వామస్ సెల్ క్యాన్సర్ వచ్చింది. ఒకే కుటుంబం, ఒకే రసాయన చర్య, ఫలితాలు ఎదురెదురు. అందుకే పరీక్షలో ఎవరైనా పీకేసీ చర్మ కణాల ఎదుగుదలను ప్రేరేపిస్తుందని ఒక్క వాక్యంలో రాస్తే నేను పూర్తి మార్కులు వేయను.

కైనేజ్ ఎంతసేపు లేచి ఉందన్నది కూడా ముఖ్యమే. నేపాళ గింజలు మీకు తెలిసే ఉంటాయి, జమాల్‌గోటా అంటారు, విరేచనాల మందుగా పాతకాలం నుంచి ఉంది. ఆ నూనెలో ఫోర్బాల్ ఎస్టర్లుంటాయి. దాని నుంచి వేరు చేసిన టీపీఏ అనే ఫోర్బాల్ ఎస్టర్, డైఎసిల్‌గ్లిజరాల్ కూర్చునే చోటే పీకేసీ మీద కూర్చుంటుందని 1982లో నిషిజుకా బృందం చూపించింది. పీకేసీని 1977లో కనిపెట్టింది కూడా నిషిజుకాయే, జపాన్‌లోని కోబేలో. టీపీఏ పడగానే మామూలు కెరటినోసైట్లలో చాలా భాగం ఎదుగుదల వైపు పరిగెడతాయి. కానీ డైఎసిల్‌గ్లిజరాల్‌లాగా ఇది త్వరగా కరిగిపోదు. లేచిన పీకేసీని కణం చివరికి ధ్వంసం చేసేస్తుంది. ఎలుక చర్మం మీద ముందు ఒకసారి రాస్ జీన్‌ని చెడగొట్టే రసాయనం పూసి, ఆపైన వారాల తరబడి టీపీఏ పూస్తే, రాస్ చెడిన కణాలు ఈ ఎదుగుదల ఒత్తిడికి లొంగకుండా మిగిలి, గుంపులుగా పెరిగి కణుతులవుతాయి. కొద్దిసేపు లేపితే ఎదుగుదల, ఎడతెగకుండా లేపితే క్యాన్సర్‌కి దారి. ఎంజైమ్ అదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. 1999లో మూడు బృందాలు విడివిడిగా ఐకేకే-ఆల్ఫా అనే కైనేజ్ లేని ఎలుకలను తయారు చేశాయి. ఎన్ఎఫ్-కప్పా-బి అనే వాపు దారిలో ఈ కైనేజ్ పని ఏంటో చూద్దామన్నది ఉద్దేశం. పుట్టిన పిల్లలకు కాళ్లూ చేతులూ బయటికి రాలేదు, మెరిసే బిగువైన చర్మం లోపల ఇరుక్కుపోయాయి. ఎపిడెర్మిస్ మందంగా ఉంది కానీ గ్రాన్యులర్, కార్నియం పొరలు ఏర్పడలేదు. పుట్టిన కొద్దిసేపటికే చనిపోయాయి. 2010లో ఫిన్లాండ్‌లో ఇదే జీన్ లోపంతో, ఇదే రూపంతో ప్రాణాంతకమైన జబ్బును గర్భస్థ శిశువుల్లో గుర్తించి కొకూన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

సహజంగా అందరూ అనుకున్నది, ఈ కైనేజ్ ఏదో ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ పెట్టి చర్మాన్ని ఎదిగిస్తోందని. 2001లో మైఖేల్ కారిన్ బృందం ఫాస్ఫేట్ పెట్టే శక్తిని తీసేసిన ఐకేకే-ఆల్ఫాని ఆ కణాల్లోకి తిరిగి పంపింది. కణాలు మామూలుగా ఎదిగాయి. అంటే చర్మంలో ఈ ప్రొటీన్ పని ఫాస్ఫేట్ పెట్టడం కానే కాదు, ఎన్ఎఫ్-కప్పా-బి దారి కూడా కాదు. అది న్యూక్లియస్‌లోకి వెళ్లి వేరే ప్రొటీన్లతో కలిసి జీన్లను నడుపుతోంది. పేరులో కైనేజ్ ఉన్నంత మాత్రాన ప్రతిచోటా దాని పని కైనేజ్ పనే అనుకోకూడదని ఇంత గట్టిగా చెప్పిన ప్రయోగం చర్మ శాస్త్రంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

దీని పక్కనే పెట్టి చూడాల్సింది రిప్‌కే4. పీకేసీకి అంటుకునే ప్రొటీన్ల కోసం వెతుకుతుంటే దొరికిన కైనేజ్ ఇది. 2002లో ఇది లేని ఎలుకలను చేస్తే దాదాపు ఐకేకే-ఆల్ఫా లేని ఎలుకల్లాగే పుట్టాయి, నోటి లోపలి గోడలు కూడా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. 2012లో మనుషుల్లో బార్ట్‌సోకాస్-పాపాస్ సిండ్రోమ్‌కి ఈ జీనే కారణమని తేలింది. వేళ్లు కలిసిపోవడం, కనురెప్పలు అతుక్కోవడం, పెదవీ అంగిలీ చీలడం దీని లక్షణాలు. కానీ ఇక్కడ ఫాస్ఫేట్ పెట్టే పని తప్పనిసరి. రోగుల్లో దొరికిన మార్పుల్లో చాలావరకు కైనేజ్ భాగంలో ఉన్నాయి. రిప్‌కే4 ఫాస్ఫేట్ పెట్టేది ఐఆర్ఎఫ్6 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌కి, అది కెరటినోసైట్ల ఎదుగుదల జీన్లను తెరుస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ఎలుకల వెనక రెండు పూర్తిగా వేర్వేరు యంత్రాంగాలు.

ఐఆర్ఎఫ్6 మన ఊళ్లకు బాగా దగ్గరి విషయం. ఈ జీన్‌లో లోపం ఉంటే వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ వస్తుంది, కింది పెదవి మీద చిన్న గుంటలతో పాటు గ్రహణం మొర్రి కూడా కనిపించవచ్చు. పిండంలో చర్మం పైన పెరిడెర్మ్ అనే పలచటి పొర ఉంటుంది. అది సరిగ్గా ఏర్పడకపోతే అతుక్కోకూడని చోట్ల కణాలు అతుక్కుని, కలవాల్సిన అంగిలి భాగాలు కలవవు. గ్రహణం మొర్రి కేసులన్నిటికీ ఇదొక్కటే కారణం కాదు, చాలావాటికి ఎన్నో జీన్లు, పరిసరాలు కలిసి కారణమవుతాయి. అయినా కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని తల్లిని ఆడిపోసుకునే చోట, ఈ రిప్‌కే4, ఐఆర్ఎఫ్6 కథ మీలాంటి చదువుకున్నవాళ్లు ఇంట్లో చెప్పాలి. ఆ తల్లి ఏ తప్పూ చేయలేదు.

కైనేజ్‌ని ఆపబోతే అది పెరిగిపోయే సందర్భం కూడా ఒకటి తెలుసుకోవాలి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డల్లో, రాఫ్ కుటుంబానికి చెందిన మార్పు చెందిన బీరాఫ్‌ని ఆపే వెమురాఫెనిబ్ 2011లో అమెరికాలో అనుమతి పొందింది. గడ్డలు కరిగాయి, కానీ కొందరు రోగులకు కొన్ని వారాల్లోనే చర్మం మీద కొత్తగా కెరటినోసైట్ కణుతులు లేచాయి. ఆ కణుతుల్లో చాలావాటిలో రాస్ జీన్ అప్పటికే మారి ఉంది. రాఫ్ ప్రొటీన్లు జతలుగా పనిచేస్తాయి. బీరాఫ్ మామూలుగా ఉండి రాస్ చురుగ్గా ఉన్న కణంలో, మందు జతలో ఒకదాన్ని పట్టుకుంటే రెండోది ఇంకా ఎక్కువ చురుకవుతుంది, ఎర్క్ పెరుగుతుంది. ఎండకు ఏళ్ల తరబడి దెబ్బతిన్న చర్మంలో అలాంటి కణాలు నిద్రాణంగా ఉంటాయి, మందు వాటిని లేపింది. కింది మెట్టులోని మెక్‌ని ఆపే మందును కలిపి ఇస్తే ఈ కణుతులు తగ్గాయి. మీ నాన్నగారి చర్మంలో ఎర్క్ తగ్గి కణాలు తొందరగా ఎదిగాయి, వీళ్ల చర్మంలో ఎర్క్ పెరిగి కణాలు ఎదగడం మానేసి పెరిగాయి. ఒకే గొలుసు, రెండు వైపులా లాగి చూసినట్టయింది.

రంగు కణాల గురించి రెండు మాటలు. మెలనోసైట్లు పిండంలో వెన్ను దగ్గర పుట్టి చర్మంలోకి నడిచి రావాలంటే కిట్ అనే టైరోసిన్ కైనేజ్ కావాలి. ఆ జీన్ ఒక కాపీ పాడైనవాళ్లకు పుట్టుకతోనే నుదుటి మీద తెల్ల జుట్టు, ఒంటి మీద తెల్ల మచ్చలు ఉంటాయి, దాన్ని పైబాల్డిజం అంటారు. ఇది బొల్లి కాదు, పెరగదు. ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఇచ్చే ఇమాటినిబ్ కిట్‌ని కూడా ఆపుతుంది. అందుకే అది వాడే మనవాళ్లలో కొందరికి ఒంటి రంగు తేలికపడుతుంది, మన చామనఛాయ చర్మంలో అది స్పష్టంగా తెలుస్తుంది. మోతాదు తగ్గించినా ఆపినా సాధారణంగా రంగు తిరిగొస్తుంది. అయితే ఆ నిర్ణయం డాక్టరుదే.

ఇదే జ్ఞానాన్ని ఆపడానికి కాకుండా లేపడానికి వాడిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. భారత్ బయోటెక్ తయారు చేసే రీజెన్-డి జెల్‌లో ఉన్నది మానవ ఈజీఎఫ్. షుగర్ వ్యాధి వల్ల పాదాల మీద మానని పుండ్లకూ, కాలిన గాయాలకూ వాడతారు. గాయం అంచున ఉన్న కెరటినోసైట్లలో ఈజీఎఫ్ఆర్‌ని లేపి, విభజన చెందించి, గాయం మీదకు పాకించడం దాని పని.

మీరు ప్రాజెక్టు కూడా దీని మీదే చేద్దామనుకుంటున్నట్టు రాశారు కాబట్టి ల్యాబ్ విషయాలు కొన్ని. చాలా కాలేజీల్లో హాకాట్ అనే, ల్యాబ్‌లో ఎన్నాళ్లైనా పెరిగే కెరటినోసైట్లే దొరుకుతాయి. అవి త్వరగా పెరుగుతాయి, చావవు, సౌకర్యమే. కానీ వాటిలో కణుతులను అడ్డుకునే పీ53 జీన్ చెడి ఉంది, పైగా మామూలు మీడియంలో కాల్షియం ఎక్కువ కాబట్టి సగం ఎదిగిన స్థితిలోనే ఉంటాయి. ముందు కొన్ని వారాలు తక్కువ కాల్షియంలో పెంచి, కెరటిన్ 10 తగ్గిందని చూసుకున్నాకే ప్రయోగం మొదలుపెట్టండి. మీడియంలో కాల్షియం తక్కువ ఉంటే సరిపోదు, సీరంలోనూ కాల్షియం ఉంటుంది, చీలెక్స్ రెసిన్‌తో దాన్ని తీసేయాలి. ప్రైమరీ కెరటినోసైట్లు (నేరుగా చర్మం నుంచి తీసినవి) దొరికి, అవి త్వరగా అలసిపోతుంటే, రాక్ కైనేజ్‌ని ఆపే వై-27632 కలిపి పెంచుతారు. విభజన బాగా నిలుస్తుంది. అయితే రాక్ కూడా ఎదుగుదలను నడిపే కైనేజే, కాబట్టి అసలు ప్రయోగానికి ముందు దాన్ని పూర్తిగా కడిగేయాలి.

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను గుర్తించే పరీక్ష) ఫాస్ఫేట్ ఉన్న ప్రొటీన్ గీత కనిపించట్లేదని కంగారుపడే ముందు, కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో సోడియం ఆర్థోవనడేట్, సోడియం ఫ్లోరైడ్ వేశారో లేదో చూడండి. అవి లేకపోతే కణం పగిలిన నిమిషాల్లోనే ఫాస్ఫటేజ్‌లు మీ సంకేతాన్ని చెరిపేస్తాయి. బ్లాకింగ్‌కి పాలపొడి బదులు బీఎస్ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) వాడండి, పాలలోని కేసీన్ మీద ఫాస్ఫేట్లుంటాయి. ఒక్క సమయంలో ఆపి చూడకండి. కాల్షియం ఇచ్చాక ఐదు నిమిషాలు, అరగంట, ఆరు గంటలు, ఒక రోజు, మూడు రోజులు, ఇలా తీసుకుంటేనే ఎర్క్ ముందు లేచి పడిపోవడం, లోరిక్రిన్ ఆలస్యంగా రావడం రెండూ కనిపిస్తాయి.

ఇన్హిబిటర్ల విషయంలో గట్టిగా ఉండండి. పీకేసీ-డెల్టాని ఆపుతుందని పాత పేపర్లలో రాట్లెరిన్ వాడారు. అది నిజానికి వేరే కైనేజ్‌లెన్నిటినో ఆపుతుంది, పీకేసీ-డెల్టాని నేరుగా ఆపడమే సందేహం. స్టారోస్పోరిన్ అయితే దొరికిన ప్రతి కైనేజ్‌నీ పట్టుకుంటుంది. ఒక మందు వేసి, ఎదుగుదల ఆగింది కాబట్టి ఫలానా కైనేజే కారణమని రాస్తే గైడ్ ఒప్పుకున్నా రివ్యూయర్ ఒప్పుకోడు. ఒక జీన్‌ని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలైన ఎస్ఐఆర్ఎన్ఏతో ఆ ప్రొటీన్‌ని తగ్గించండి, ఎస్ఐఆర్ఎన్ఏకి చిక్కకుండా మార్చిన మామూలు రూపాన్ని కొన్ని కణాల్లోకి, ఫాస్ఫేట్ పెట్టే శక్తి లేని రూపాన్ని మరికొన్నిట్లోకి తిరిగి పంపి పోల్చండి. రెండింట్లోనూ ఎదుగుదల తిరిగొస్తే మీ చేతిలో ఉన్నది ఐకేకే-ఆల్ఫా లాంటి సందర్భం, మామూలు రూపంతో మాత్రమే తిరిగొస్తే రిప్‌కే4 లాంటిది. ఇలా తిరిగి పంపే ప్రయోగానికి ప్లాస్మిడ్‌లు (జీన్లను మోసే డీఎన్‌ఏ వలయాలు) తెప్పించడానికే వారాలు పడుతుంది, కాబట్టి సినాప్సిస్ రాసేటప్పుడే వాటికి ఆర్డర్ పెట్టండి.